ఆర్నాల్డ్ పిక్

ఆర్నాల్డ్ పిక్ (జూలై 20, 1851 - ఏప్రిల్ 4, 1924) ప్రేగ్ నగరంలో పనిచేసిన ప్రసిద్ధ మనోవైద్యుడు, నాడీ వైద్యుడు. మెదడులో ఒక భాగం మాత్రమే విపరీతంగా కుంచించుకుపోవడం వలన మనిషి మాట, తెలివి, నడవడి చెడిపోవచ్చునని 1892లో ఒక రోగి ఆధారంగా వివరించాడు. ఆ తరువాత ఈ రుగ్మతకు పిక్ వ్యాధి అని పేరు వచ్చింది. ఇప్పుడు వైద్యులు దీనిని, దీనికి దగ్గరి మరికొన్ని వ్యాధులను కలిపి ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అంటున్నారు. వీటిలో కొన్నింటికి జన్యువులలో కలిగే మార్పులే, అనగా ఉత్పరివర్తనాలే కారణమని పిక్ మరణించిన ఏడు దశాబ్దాల తరువాత తేలింది. రెండు భాషల నగరమైన ప్రేగ్‌లో పిక్ ఆసక్తితో గమనించిన భాషానష్టం మీద, అనేక భాషల నగరమైన హైదరాబాదులో 21వ శతాబ్దంలో చెప్పుకోదగిన పరిశోధన జరిగింది.

బాల్యం, విద్య

పిక్ అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని మొరేవియా ప్రాంతంలో, వెల్కే మెజిరీచీ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ ఊరు ప్రస్తుతం చెక్ రిపబ్లిక్‌లో ఉంది. ఈయనది జర్మన్ మాట్లాడే యూదు కుటుంబం. వైద్యవిద్య వియన్నాలో అభ్యసించి 1875లో పట్టా పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే థియోడోర్ మైనెర్ట్ వద్ద సహాయకునిగా చేరాడు. మానసిక వ్యాధులన్నిటికీ మూలం మెదడు నిర్మాణంలోనే వెదకాలని పట్టుబట్టినవారిలో మైనెర్ట్ ముఖ్యుడు. పట్టా పొందాక పిక్ బెర్లిన్‌లో కార్ల్ వెస్ట్‌ఫాల్ వద్ద కొంతకాలం పనిచేశాడు. మెదడులో ఏ చోటు దెబ్బతింటే ఏ రకంగా మాట పోతుందో చెప్పిన కార్ల్ వెర్నికె ప్రభావం కూడా ఈయన మీద ఎక్కువే. రోగి బ్రతికి ఉండగా లక్షణాలను పూర్తిగా వ్రాసిపెట్టుకోవడం, మరణించాక మెదడును చూసి వాటితో పోల్చడం అనే పద్ధతిని పిక్ జీవితాంతం విడువలేదు.

ప్రేగ్‌లో ఉద్యోగం

1877లో పిక్ ప్రేగ్‌లోని మానసిక చికిత్సాలయంలో వైద్యునిగా చేరాడు. 1880లో ప్లజెన్ నగరానికి దగ్గరలోని డోబ్రజానీలో ఏర్పడిన కొత్త చికిత్సాలయానికి డైరెక్టరయ్యాడు. 1886లో ప్రేగ్ జర్మన్ విశ్వవిద్యాలయంలో మనోవైద్య ఆచార్యునిగా నియమితుడై 1921లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే ఉన్నాడు.

ఈ విశ్వవిద్యాలయం పేరులోని జర్మన్ అనే మాట వెనుక కొంత చరిత్ర ఉంది. ప్రేగ్ విశ్వవిద్యాలయం 1882లో చెక్, జర్మన్ అని రెండుగా విడిపోయింది. నగరంలో చెక్ మాట్లాడేవారు, జర్మన్ మాట్లాడేవారు పక్కపక్కనే నివసించేవారు. చాలామందికి రెండు భాషలూ వచ్చేవి. పిక్ ఆసుపత్రికి వచ్చే రోగులలోనూ ఇటువంటివారు ఉండేవారు. పక్షవాతం వలన మాట పడిపోయిన మనిషికి తిరిగి ఏ భాష ముందు వస్తుంది, చిన్ననాడు నేర్చినదా, రోజూ వాడేదా అన్న ప్రశ్న పిక్ వంటివారికి పుస్తకాలలోనిది కాదు, ప్రతిదినం ఎదుట కనిపించేది. బహుభాషలు తెలిసినవారిలో మాట పోవడం గురించి ఈయన పలు వ్యాసాలు వ్రాశాడు. ముందుగా నేర్చిన భాషే ముందుగా తిరిగివస్తుందనే అప్పటి సూత్రానికి లొంగని సందర్భాలను చర్చించాడు.

1892 నాటి వ్యాసం

పిక్ పేరు నిలబెట్టిన వ్యాసం 1892లో ప్రేగ్ వైద్య వారపత్రికలో వెలువడింది. ముసలితనంలో మెదడు కుంచించుకుపోవడానికీ, మాట పోవడానికీ గల సంబంధం దాని విషయం. వృద్ధాప్యంలో మెదడు అంతటా ఒకే తీరుగా చిక్కిపోతుందని, కనుక తెలివి మొత్తంగా మందగిస్తుందే తప్ప ఏదో ఒక శక్తి విడిగా పోదని అప్పటి వైద్యుల నమ్మకం. పిక్ చూసిన రోగి 71 ఏళ్ల పురుషుడు. అతని తెలివి క్రమంగా క్షీణించింది, మాట మాత్రం మిగిలినవాటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నది. మరణానంతరం చూడగా మెదడు ఎడమవైపు కణత భాగం ప్రత్యేకంగా చిక్కిపోయి ఉంది. పక్షవాతంలో వలె రక్తనాళం మూసుకుపోయిన గుర్తులేవీ దీనికి కారణంగా కనిపించలేదు. చిక్కిపోవడం ఒక చోట ఎక్కువైతే, ఆ చోటుకు చెందిన శక్తి కూడా విడిగా పోగలదని పిక్ నిర్ణయించాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తాను కొత్త వ్యాధిని కనుగొన్నానని పిక్ ఎక్కడా వ్రాయలేదు. ఇది వార్ధక్యపు క్షీణతలోనే ఒక విశేషమని ఆయన అభిప్రాయం. సూక్ష్మదర్శినితో ఆ మెదడును పరిశీలించనూ లేదు. తరువాతి పదిహేనేళ్లలో ఇటువంటి రోగులను గురించి మరికొన్ని వ్యాసాలు ప్రచురించాడు. 1906 నాటి వ్యాసంలోని రోగికి చేతులలో బలం ఉన్నా, పనిచేసే తీరు చెడిపోయింది.

సూక్ష్మదర్శిని పని 1911లో ఆలోయిస్ ఆల్జీమర్ చేశాడు. వెండి లవణాలతో రంగు వేసినప్పుడు ఈ రోగుల నాడీకణాలలో గుండ్రని ముద్దలు కనిపించాయి. కొన్ని కణాలు ఉబ్బి ఉన్నాయి. తన పేరుతో ప్రసిద్ధమైన వ్యాధిలో కనిపించే మచ్చలు, చిక్కుముళ్లు వీటిలో లేవు. ఆ ముద్దలను ఇప్పటికీ పిక్ ముద్దలు అనే అంటారు, చూసినది ఆల్జీమరే అయినా. 1922లో నెదర్లాండ్స్ వైద్యుడు గాన్స్ ఈ రుగ్మతకు పిక్ పేరు పెట్టాడు. 1926లో ఒనారి, ష్పాట్స్ అనేవారు దీనిని ప్రత్యేక వ్యాధిగా స్థిరపరచారు. అప్పటికి పిక్ మరణించి రెండేళ్లయింది.

ఇతర పరిశోధనలు

పిక్ దాదాపు 350 వ్యాసాలు వ్రాశాడని అంచనా. డిమెన్షియా ప్రీకాక్స్ అనే లాటిన్ పేరును 1891లోనే ఒక వ్యాసంలో వాడాడు. తరువాత క్రేపెలిన్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు స్కిజోఫ్రీనియా అనే వ్యాధి ఇదే.

1903లో ప్రచురించిన ఒక రోగి కథ విచిత్రమైనది. ఒక వృద్ధురాలు తాను ప్రేగ్‌లోని పిక్ ఆసుపత్రిలో ఉంటూనే, అచ్చంగా ఇటువంటిదే మరొక ఆసుపత్రి తన సొంత ఊరిలో ఉందని, అక్కడా ఇదే వైద్యుడు ఉన్నాడని నమ్మేది. ఒకే చోటు రెండుగా ఉన్నదని తోచే ఈ భ్రమకు పిక్ పెట్టిన పేరు నేటికీ వాడుకలో ఉంది.

1913లో వెలువడిన పుస్తకం వ్యాకరణం చెదిరిన మాట గురించి. మనిషి భావం ముందు వాక్యపు చట్రంగా రూపుదిద్దుకుంటుందని, పదాలు ఆ తరువాత వచ్చి అందులో అమరుతాయని పిక్ వాదించాడు. ఆంగ్ల నాడీ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ పట్ల గౌరవంతో పుస్తకాన్ని ఆయనకు అంకితం చేశాడు. తెలుగులో చెప్పుకోవాలంటే, రాముడికి పుస్తకం ఇచ్చాను అనవలసిన రోగి రాముడు, పుస్తకం అని ఆగిపోతాడు. పదాలు మిగులుతాయి, విభక్తులు, క్రియ పోతాయి. జర్మన్‌లో ప్రత్యయాలు పోయిన తీరును పిక్ చాలా సూక్ష్మంగా నమోదు చేశాడు. ఈ పుస్తకం వైద్యులకన్నా భాషాశాస్త్రవేత్తలకు ఎక్కువగా ఉపయోగపడింది.

శిష్యులలో ఆస్కార్ ఫిషర్ పేరు ప్రత్యేకంగా చెప్పాలి. పిక్ విభాగంలో పనిచేస్తూ 1907లో 16 మంది వృద్ధ రోగుల మెదళ్లను పరిశీలించి, 12 మందిలో ఇప్పుడు ఆల్జీమర్స్ వ్యాధికి గుర్తుగా చెప్పే మచ్చలను వివరించాడు. ఆల్జీమర్ వ్యాసం ఒక్క రోగి గురించి. అదీ అదే సంవత్సరం వెలువడింది. పేరు మాత్రం మ్యూనిక్ వర్గానికి దక్కింది. ఫిషర్ యూదుడు కావడంతో నాజీల చేత చిక్కి 1942లో టెరెజిన్‌లో మరణించాడు.

మరణం

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి 1918లో చెకొస్లొవేకియా ఏర్పడింది. తాను సేవచేసిన సామ్రాజ్యం పోయినా పిక్ ప్రేగ్ విడువలేదు. మూత్రాశయంలో రాయికి శస్త్రచికిత్స జరిగిన తరువాత రక్తం విషపూరితమై 1924 ఏప్రిల్ 4న అక్కడే మరణించాడు.

నీమన్-పిక్ వ్యాధి అనే పిల్లల వ్యాధికి ఈయనతో సంబంధం లేదు. ఆ పేరులోని పిక్ బెర్లిన్‌కు చెందిన లుడ్విగ్ పిక్. ఈ పొరపాటు విద్యార్థులలో తరచు కనిపిస్తుంది.

వ్యాధికి కారణం వెదకడం

పిక్ వ్యాధి కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నదని వైద్యులు 1930లలోనే గమనించారు. నెదర్లాండ్స్‌లోని ఒక పెద్ద కుటుంబాన్ని గురించి 1939లో వ్రాశారు, 1959లో, 1982లో మళ్లీ పరిశీలించారు. అయితే 20వ శతాబ్దం మధ్యకాలంలో చాలామంది వైద్యులు ఈ వ్యాధిని ఆల్జీమర్స్ నుండి వేరుచేసి చూడడం అనవసరమనుకున్నారు. స్వీడన్‌లోని లుండ్, ఇంగ్లాండులోని మాంచెస్టర్ వైద్యులు 1980లలో దీనిని తిరిగి పట్టించుకున్నారు. ఈ రెండు బృందాలు కలిసి 1994లో వ్యాధి నిర్ధారణ సూత్రాలను ప్రకటించాయి.

అదే సంవత్సరం అమెరికాలో ఒక కుటుంబపు వ్యాధి 17వ క్రోమోజోముకు ముడిపడి ఉందని తేలింది. ఆ చోటనే టౌ అనే ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువు ఉంది. నాడీకణంలో పదార్థాలను మోసే సన్నని గొట్టాలను కూలిపోకుండా పట్టి ఉంచడం టౌ చేసే పనులలో ఒకటి. 1998లో ఈ జన్యువులో ఉత్పరివర్తనాలు బయటపడ్డాయి. కొన్ని ఉత్పరివర్తనాలలో డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారుతుంది. దాని వలన టౌ గొట్టాలను సరిగా పట్టుకోలేక, తనలో తాను పేరుకొని ముద్ద కడుతుంది. మరికొన్నింటిలో ప్రోటీన్ చెడిపోదు. ఆరోగ్యవంతమైన మెదడులో రెండు రకాల టౌ ఇంచుమించు సమానంగా ఉంటుంది. ఆ పాళ్లు తప్పడమే వ్యాధికి చాలు. పిక్ ముద్దలలో ఉన్నదీ టౌ ప్రోటీనే.

ఇంతటితో చిక్కు వీడలేదు. 17వ క్రోమోజోముకే ముడిపడిన కొన్ని కుటుంబాలలో టౌ జన్యువు నిక్షేపంగా ఉంది. 2006లో దీనికి సమాధానం దొరికింది. టౌ జన్యువుకు దగ్గరలోనే ప్రోగ్రాన్యులిన్ అనే మరొక జన్యువు ఉంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా వచ్చే రెండు ప్రతులలో ఒకటి పనిచేయకపోతే ఈ ప్రోటీన్ దాదాపు సగమే తయారవుతుంది. ఆ సగం మెదడుకు చాలదు. ఈ రోగుల మెదడులో పేరుకునేది టౌ కాదు, టీడీపీ-43 అనే వేరొక ప్రోటీన్. ఒకే క్రోమోజోము మీద, ఒకే రకపు వ్యాధికి, రెండు వేర్వేరు జన్యువులు పక్కపక్కన ఉండడం యాదృచ్ఛికమే. పరిశోధకులను మాత్రం ఎనిమిదేళ్లు తిప్పలు పెట్టింది. 2011లో 9వ క్రోమోజోము మీద సి9ఓఆర్ఎఫ్72 అనే జన్యువులో మూడవ కారణం కనిపించింది. ఇందులో ఆరు అక్షరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వ్రాసినట్లుగా ఉంటుంది. మామూలుగా ముప్పైకి మించదు, రోగులలో వందలు, వేలసార్లు ఉంటుంది. కండరాలను చచ్చుబరచే ఏఎల్ఎస్ వ్యాధికి కూడా ఇదే ఉత్పరివర్తనం కారణం కాగలదు. ఐరోపా సంతతివారిలో అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఇదే, ఆసియా దేశాలలో అరుదు.

ఈ మూడు ఉత్పరివర్తనాలూ తల్లిదండ్రులలో ఒకరి నుండి వస్తే చాలు. ప్రతి సంతానానికీ సగానికి సగం అవకాశం ఉంటుంది. కానీ వ్యాధి మొదలయ్యే వయసు చెప్పలేరు. ప్రోగ్రాన్యులిన్ విషయంలో ఒకే ఇంట ఒకరికి నలభైలలో, మరొకరికి డెబ్భైలలో వ్యాధి రావచ్చు. అలాగే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా వచ్చినవారిలో అధికులకు ఇటువంటి స్పష్టమైన ఉత్పరివర్తనం కనబడదు. పిక్ ముద్దలు ఉండే అసలైన పిక్ వ్యాధి కూడా ఎక్కువగా వంశంలో మరెవరికీ లేకుండానే వస్తుంది. పిక్ చూసిన 71 ఏళ్ల వృద్ధునికి ఈ రకాలలో ఏది వచ్చిందో ఆ వ్యాసాన్ని బట్టి తేల్చడం సాధ్యం కాదు.

హైదరాబాదులో పరిశోధన

భారతదేశంలో ఈ వ్యాధి చాలా అరుదని కొంతకాలం భావించేవారు. హైదరాబాదు పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో నాడీ వైద్యురాలు అల్లాడి సువర్ణ, సహచరులు నడిపిన జ్ఞాపకశక్తి క్లినిక్ ఈ అభిప్రాయాన్ని మార్చింది. 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం అక్కడ డిమెన్షియాగా నిర్ధారించిన 347 మందిలో 18.7 శాతం మందికి ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా ఉంది. పెద్దాసుపత్రికి క్లిష్టమైన రోగులే ఎక్కువగా చేరతారు కనుక ఈ లెక్కను రాష్ట్రమంతటికీ వర్తింపజేయరాదు. అయినా వైద్యులు చూడడం మొదలుపెడితే వ్యాధి కనిపిస్తుందనడానికి ఇది నిదర్శనం.

పిక్‌కు ఆసక్తి కలిగించిన బహుభాషల ప్రశ్నను ఈ బృందమే మరో వైపు నుండి చేపట్టింది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషులలో రెండో మూడో భాషలు రావడానికి చదువు అక్కరలేదు, బజారే నేర్పుతుంది. పాశ్చాత్య దేశాలలో రెండు భాషలు వచ్చినవారు చాలామంది వలస వచ్చినవారై ఉంటారు కనుక, ఫలితం భాషదా, వలసదా అన్న సందేహం ఉండేది. హైదరాబాదులో ఆ సందేహానికి తావు తక్కువ. 648 మంది రోగులను పోల్చి 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఒకే భాష వచ్చినవారికన్నా రెండు అంతకుమించి వచ్చినవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. కేవలం ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా ఉన్న 193 మందిపై 2017లో వెలువడిన అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. ప్రవర్తన మారే రకంలో సుమారు ఆరేళ్ల ఆలస్యం ఉంది, మాట పోయే రకాలలో మాత్రం లేదు. పిక్ మొదట వర్ణించిన భాషానష్టాన్ని భాషల సంపద ఆపలేకపోయిందన్నమాట. ఇతర దేశాలలో జరిగిన కొన్ని అధ్యయనాలు బహుభాషల ప్రయోజనాన్ని సమర్థించలేదు కాబట్టి ఇది ఇంకా చర్చలో ఉన్న విషయమే.

సైబరాబాదు, మధ్యవయసు

ఆల్జీమర్స్ ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారి వ్యాధి. ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా ఎక్కువగా 45 నుండి 65 ఏళ్ల మధ్య, అనగా ఉద్యోగంలో ఉండగానే మొదలవుతుంది. మాదాపూర్‌లోని హైటెక్ సిటీలో మొదటి భవనమైన సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. టౌ జన్యువులో ఉత్పరివర్తనాలు బయటపడిన సంవత్సరం కూడా అదే. ఆ రోజులలో పాతికేళ్ల వయసులో అక్కడ చేరినవారు 2023 నాటికి యాభైకి చేరారు. కుర్రకారు చోటుగా పేరుపడిన ఈ ప్రాంతం ఈ వ్యాధి వచ్చే వయసులోకి అడుగుపెట్టిందన్నమాట.

తొలి రోజులలో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది, అందువలన ఎవరూ దీనిని మతిమరుపు వ్యాధిగా అనుమానించరు. పని క్రమం తప్పుతుంది, ముందుచూపు పోతుంది. మర్యాదగా ఉండే మనిషి సహోద్యోగులతో నోటికి వచ్చినట్లు మాట్లాడతాడు, డబ్బు విచక్షణ లేకుండా ఖర్చుచేస్తాడు, ఇంటివారి కష్టం పట్టనట్లు ఉంటాడు, తీపి అతిగా తింటాడు. తనలో మార్పు వచ్చిందని అతనికి తెలియదు. ఆఫీసులో దీనిని నిర్లక్ష్యమని, ఇంట్లో పొగరని, వైద్యుని వద్ద కొన్నిసార్లు మానసిక కుంగుబాటని అనుకుంటారు. వ్యాధి పేరు తెలిసేసరికి ఉద్యోగం, ఒక్కొక్కసారి సంసారం కూడా పోయి ఉంటుంది. మాట పోయే రకంలో పదాలు తట్టకపోవడం, తెలిసిన వస్తువు పేరుకు అర్థం పోవడం ముందు కనిపిస్తాయి.

మెదడు చిక్కిపోయిందని స్కానింగులో చెప్పాలంటే మామూలు పరిమాణం ఎంతో తెలియాలి. అప్పటివరకు పాశ్చాత్యుల మెదడు కొలతలే ప్రమాణంగా ఉండేవి. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, 1998లోనే స్థాపితమైంది. ఈ సంస్థ పరిశోధకులు 2019లో వంద మంది స్కానింగులతో భారతీయుల మెదడు పటాన్ని రూపొందించారు. భారతీయుల మెదడు సగటు కొలతలు పాశ్చాత్యులవాటికన్నా చిన్నవని తేలింది. పరాయి ప్రమాణంతో కొలిస్తే ఆరోగ్యవంతుని మెదడు కూడా చిక్కినట్లు కనబడే ప్రమాదం ఉంది.

జన్యు పరీక్ష విషయంలో తెలుగునాట మేనరికాలను గురించిన అపోహ ఒకటి ఉంది. పైన చెప్పిన మూడు ఉత్పరివర్తనాలకు ఒక ప్రతి చాలు కనుక మేనరికం వాటికి కారణం కాదు. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే అరుదైన రకాలు వేరే ఉన్నాయి, దగ్గరి బంధువుల పెళ్లిళ్ల వలన వాటి అవకాశం పెరుగుతుంది. ప్రోగ్రాన్యులిన్ రెండు ప్రతులూ చెడితే డిమెన్షియాకు బదులు చిన్న వయసులోనే చూపు పోయి మూర్ఛలు వచ్చే వేరొక వ్యాధి కలుగుతుందని 2012లో గుర్తించారు.

హైదరాబాదులో ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ వంటి సంస్థలలో జన్యు వ్యాధుల నిర్ధారణ జరుగుతున్నది. వ్యాధి వచ్చినవారికి పరీక్ష చేయడం ఒక సంగతి, ఆరోగ్యంగా ఉన్న వారి పిల్లలకు చేయడం మరొక సంగతి. 2025 వరకు ఈ వ్యాధిని ఆపే మందు ఏదీ ఆమోదం పొందలేదు. ప్రోగ్రాన్యులిన్ పాలును పెంచే మందులు, జన్యు చికిత్సలు ప్రయోగదశలోనే ఉన్నాయి. అందుచేత ముప్పై ఏళ్ల కొడుకో కూతురో తన జన్యువులను తెలుసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా వారి ఇష్టానికి విడిచిపెట్టాలని, పరీక్షకు ముందూ తరువాతా జన్యు సలహాదారుతో మాట్లాడించాలని, మైనర్లకు ఈ పరీక్ష చేయరాదని వైద్యులు పాటించే నియమం.